మందం తక్కువ బండలు

బండల వ్యాపారం చేసేవాళ్ళ ఇంట్లో మంచి బండ ఉండదు. తాండూరులో ఎవరినడిగినా ఈ మాట ఒప్పుకుంటారు. అంచు విరిగినది, తుప్పు గీత పడినది, మందం తగ్గినది, ఏదో ఒక వంక ఉన్నదే ఇంటికి వస్తుంది. మంచివన్నీ లారీ ఎక్కుతాయి. మా పాలిష్ యూనిట్ నడిచిన ఇరవై ఆరేళ్ళలో మా ఇంటికి చేరిన ప్రతి బండా నేను వద్దన్నదే.

వద్దనే పని నాది. మా ఆయన గనుల దగ్గరికి పోయి రాయి చూసి బేరం చేసేవారు. మిషన్ల మీద పనివాళ్ళు కోసి, పాలిష్ పట్టి, కడిగి, గోడకు చేరవేసి ఆరబెట్టేవాళ్ళు. ఆరిన తర్వాత నా దగ్గరికి వచ్చేవి. నా చేతిలో అరచేయంత ఇనుప ముక్క ఉండేది. దానికి ఒక పక్క అంగుళం గాడి. బండ అంచుకు ఆ గాడి పెడితే బిగువుగా కూర్చోవాలి. కూర్చోకుండా ఆడిందంటే మందం తక్కువ. నాలుగు అంచులా చూసేదాన్ని.

"నడుస్తది తియ్యమ్మా," అనేవాళ్ళు లోడింగ్ వాళ్ళు.

"నడవదు," అనేదాన్ని.

పదిహేనేళ్ళ కింద హైదరాబాదులో ఆఫీసుల టవర్లు లేస్తున్న చోట ఒక భవనానికి, కింది హాలులో పరవడానికి మా నీలి బండ పోయింది. మేము తీసుకున్న అన్ని ఆర్డర్లలోకీ అదే పెద్దది. రెండడుగుల చదరాలు, అంగుళం మందం. రంగు తేడా రాకూడదని అన్నీ ఒకే గనిలో, ఒకే పొరలో తీసినవి కావాలన్నారు. ఆ లాట్‌లో మందం తక్కువని నేను పక్కన పెట్టినవి ఎనభై నాలుగు. మా ముందు గది వెడల్పు పన్నెండు అడుగులు, పొడవు ఇరవై ఎనిమిది. ఆరు పద్నాలుగులు ఎనభై నాలుగు. ఒక్క ముక్క మిగలలేదు, ఒక్క ముక్క తగ్గలేదు.

"గదికి సరిపోయేటట్టే వెనుకకు తీసినవా ఏంది?" అన్నారు మా ఆయన.

ఆయనే దగ్గరుండి సున్నం, ఇసుక కలిపి పరిపించారు. ఆ తర్వాత టైల్స్ వచ్చాయి, ఆర్డర్లు తగ్గాయి, ఆయన పోయారు, యూనిట్ మూసేశాను. ఇప్పుడు ఆ షెడ్డులో ఒకాయన కందుల బస్తాలు పెట్టుకుంటున్నాడు. రాళ్ళ పొడి వాసన పోయి కందుల వాసన వస్తుంది. నాకు రెండూ ఒకటే.

పోయిన ఏడాది ఆషాఢంలో ఒక గురువారం పొద్దున వికారాబాద్ నుంచి ఒకతను వచ్చాడు. వాళ్ళ నాయన మా దగ్గర పాలిష్ మిషన్ మీద పనిచేసినవాడు. ఇతను చిన్నప్పుడు ఆ నాయనకు అన్నం గిన్నె తెచ్చి, బండలు కడిగిన మడ్డినీళ్ళ కాలువలో కాగితపు పడవలు వదిలేవాడు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. నేను చెప్పిన ఆ టవర్‌లోనే నేల పాలిష్, మరమ్మతు పనుల కాంట్రాక్టు అతనిది. కింద ఆరుగురు మనుషులు. అందరూ వికారాబాద్, మోమిన్‌పేట్ వాళ్ళే.

"సలామ్ పెద్దమ్మ. మస్తు పరేషాన్ల ఉన్న."

"చాయ్ తాగినంక చెప్పు."

"గొంతుల దిగదు పెద్దమ్మ."

అయినా తాగాడు. తాగుతూ చెప్పాడు. ఆ హాలు పైకప్పు మూడు అంతస్తుల ఎత్తున ఉంటుందట. అక్కడ ఒక లైటు మార్చడానికి మనిషిని పైకి లేపే బండి తెచ్చారు. చాలా బరువు. దాని చక్రాల కింద చెక్కలు పరిచి నడపాలి. ఇతని మనుషులు తిన్నగా పోయేటప్పుడు పరిచారు కానీ మలుపు దగ్గర పరవలేదు. లిఫ్టుల ముందు, అందరూ నడిచే చోట, పదకొండు బండలు పగిలాయి. సోమవారం ఆ భవనం యజమానులు వస్తారు. అప్పటికి అదే రంగు బండ పడాలి. లేదంటే కాంట్రాక్టు వేరే వాళ్ళకు ఇస్తామని అక్కడి మేనేజరమ్మ చెప్పేసింది.

"తాండూరు మొత్తం తిరిగిన. ఐదు రకాలు పట్టుకపోయి చూపిచ్చిన. ఒక్కటి గూడ కలుస్తలేదు. మనం తీసిన గని ఇప్పుడు చెరువు లెక్క నీళ్ళతోని నిండింది."

"ఆరుగురికీ చెప్పినవా, సోమవారం సంగతి?"

"చెప్పకున్నా ఎర్కైంది. ఎవ్వడు మాట్లాడుత లేడు. గా బండి తిప్పినోడైతే అన్నం గూడ తింటలేడు."

మాట్లాడుతూ కిందికే చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. కాదు. బండలు చూస్తున్నాడు.

"గివి గదే లాట్ కద పెద్దమ్మ?"

"ఎవరు చెప్పిన్రు?"

"మా అబ్బా చెప్పిండు. పెద్దమ్మ వద్దన్న బండలన్నీ పెద్దమ్మ ఇంట్లనే ఉన్నయి, పోయి అడుగు అన్నడు."

ఆలోచించుకుని చెప్తానంటే ఆ రాత్రి ఇంకో ఇంట్లో ఇంకొకరికి నిద్ర ఉండదు. నాకు ఆలోచించుకునే ఓపిక కూడా లేదు. రేపు మనుషులను తీసుకురమ్మన్నాను.

నా బిడ్డ వికారాబాద్‌లో టీచరు. రోజూ రైలులో పోయి వస్తుంది. ఆ సాయంత్రం చెప్పులు విడవకముందే విషయం చెప్పాను. గడపలోనే నిలబడిపోయింది.

"ఊరోళ్ళ ఇల్లు బాగుజేసెటందుకు మనిల్లు తవ్వుకుంటమా?"

"ఇల్లు కాదు. ముప్పై ఆరు అంతస్తుల ఆఫీసు."

"మరి అంత పెద్దోళ్ళ దగ్గర పదకొండు బండలు లెవ్వా? ఏ మూలకో ఉండవా? నీ పన్నెండు అడుగుల అర్రనే కనబడ్డదా ఆళ్ళకు?"

"ఆ పిలగాడు గదే అడిగిండు, ఇచ్చిన."

"నువ్వు ఎవ్వరికీ ఏదీ ఊకె ఇయ్యవు కదనే. ఇయ్యాల ఏమైంది?"

పప్పు పొయ్యి మీద పెట్టాను. పాలిష్ మిషన్ దగ్గర ఎన్నో ఏళ్ళు నిలబడిన మనిషి కొడుకు, తన కింది ఆరుగురి కోసం, నా ఇంటికి వచ్చి అడిగాడు. అంతకు మించి నా దగ్గర కారణం లేదు.

శుక్రవారం అతను ముగ్గురు మనుషులను తీసుకొచ్చాడు. సున్నం మీద పరిచినవి కాబట్టి బండలు పగలకుండానే లేచాయి. సిమెంటు అయితే లేచేవి కావు. నేను కుర్చీ వేసుకుని, అల్మారాలోంచి ఆ ఇనుప ముక్క తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎనభై నాలుగూ తీయలేం కదా. అక్కడక్కడా అంచు తవ్వి, మందం చూసి, ఉన్నవాటిలో దిట్టమైనవి ఏరాను. అవి గడపకు ఎదురుగా, గది నడుమ ఉన్నాయి. మా ఆయన తెలివిగానే నడిచే చోట కాస్త మందమైనవి వేయించారు. పదకొండు ఏరేసరికి మధ్యాహ్నం దాటింది. గది నడుమ పదకొండు బండల మేర మట్టి బయటపడింది. ఆ రాత్రి నా బిడ్డ ఆ మట్టి చుట్టూ తిరిగి వంటింట్లోకి పోయింది.

ఆదివారం బండలు ట్రాలీ ఆటోలో పోయాయి. నేను రైలులో పోయాను. నువ్వెందుకు అని నా బిడ్డ అడిగింది. ఎన్ని వేల మంచి బండలు లారీ ఎక్కించానో లెక్క చెప్పగలను కానీ, అవి ఎక్కడ పడ్డాయో ఒక్కసారీ చూడలేదు. మా ఆయన చూసి వచ్చి చెప్పేవారు, నేను వినేదాన్ని. ఈ మాట నా బిడ్డకు చెప్పలేదు. పొద్దుటి గాలికి పోతానని చెప్పాను.

వికారాబాద్‌లో అతను ఎక్కాడు. ఇద్దరం లింగంపల్లిలో దిగి ఆటో తీసుకున్నాం. ఆదివారమైనా ఆ దారి నిండా క్రేన్లే. టవర్లు లేచిన రాళ్ళ గుట్టలను ఇంకా కొన్ని చోట్ల పగలగొడుతున్నారు. సగం గుట్ట, పక్కన పూర్తయిన అద్దాల గోడ. కొంత దూరం చూసి కళ్ళు మూసుకున్నాను. మెడ ఎత్తి చూసే వయసు కాదు.

మా టవర్ దగ్గర సెక్యూరిటీ అతను నా ఫోటో తీసి, మెడలో వేసుకోమని ఒక కార్డు ఇచ్చాడు. లోపల లిఫ్టుల పక్కన అంతస్తుల బోర్డు ఉంది. చదివాను. పన్నెండు తర్వాత పద్నాలుగు.

"పదమూడు ఏది బాబూ?"

"ఉండదమ్మా. మంచిది కాదంట."

"అయితే ముప్పై ఆరు కాదు. ముప్పై ఐదే."

"ఆ లెక్క పైవాళ్ళను అడగాలమ్మా," అన్నాడు నవ్వుతూ. ఇంత కాలం నేను అందరికీ తప్పు చెప్పాను.

హాలు మా షెడ్డంత ఉంది, ఎత్తు మాత్రం నాలుగింతలు. మనుషులు లేరు. చల్లగా ఉంది, రాయి చల్లదనం కాదు, మిషన్ చల్లదనం. నేల నిండా మా బండ. అంచుకు అంచు కలిసి, సన్నటి గీతలు తప్ప ఏమీ కనబడకుండా నిలువుటద్దంలా పడి ఉంది. చెప్పులు విడిచి రెండడుగులు వేశాను. సెక్యూరిటీ అతను వద్దనబోయి మానుకున్నాడు.

లిఫ్టుల ముందు తాళ్ళు కట్టి ఉన్నాయి. పగిలినవి అప్పటికే తీసేశారు. అతని మనుషులు మా ఇంటి బండలను ఆ గుంటలో ఊరికే, సిమెంటు లేకుండా, వరసగా పేర్చారు. పేర్చి వెనక్కి జరిగారు.

రంగు కలవలేదు.

ఒకే గని, ఒకే పొర, ఒకే నెలలో కోసినవి. శుక్రవారం పొద్దంతా మందం చూశాను కానీ రంగు చూడాలని నాకు తోచనే లేదు, అతనికీ తోచలేదు. లాట్ ఒకటైతే రంగు ఒకటే అనేది మా వ్యాపారంలో చదువుకున్న మొదటి పాఠం. పదిహేనేళ్ళు ఇక్కడి బండలు ఎండ సోకకుండా, చెప్పుల కింద, మిషన్ పాలిష్ కింద ఉన్నాయి. మావి వట్టికాళ్ళ కింద, బకెట్ నీళ్ళ కింద, గడపకు పూసిన పసుపు కింద, పొద్దుటి ఎండలో ఉన్నాయి. ఇక్కడివి బూడిద నీలం. మావి ముదిరి, నూనె పట్టిన మూకుడు రంగుకు తిరిగాయి. ఆ హాలులో అవి, పెళ్ళి పందిట్లోకి పొలం నుంచి నేరుగా వచ్చిన మనుషుల్లా ఉన్నాయి.

మేనేజరమ్మ వచ్చింది. కోస్తా వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళు ఉండవచ్చు. ఆదివారం పూట ఇంట్లో పని వదిలి వచ్చినట్టు జుట్టు ముడి వేసుకుని ఉంది.

"అమ్మగారూ, ఇవి నిజంగా ఆ రాళ్ళేనా అండీ?"

"ఆ రాళ్ళే."

"నేను నమ్ముతాను. రేపొచ్చే వాళ్ళు నమ్మాలి కదండీ. లిఫ్టు కోసం నిలబడేది సరిగ్గా ఇక్కడే."

అతను గుంట అంచున కూలబడ్డాడు. "పాలిష్ పట్టి చూద్దమా మేడమ్? ఒక్క చేయి."

"పట్టినా కలవదు," అన్నాను. "ఇంకొకటి, ఇవి మందం తక్కువ. ఇక్కడ ఏసినవంటే ఇంకో బండి వస్తే మల్ల పగుల్తయి."

"మరి ఎందుకు ఇచ్చినవ్ పెద్దమ్మ?" అన్నాడు. కోపంగా కాదు, అలిసిపోయి అడిగాడు. అతని మనుషుల్లో అందరికంటే చిన్నవాడు, బండి తిప్పినవాడు అతనే అయి ఉండాలి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

నేను అక్కడ ఉన్న ఒకే ఒక బెంచీ మీద కూర్చున్నాను. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడ పొడవునా వేసిన కర్ర బెంచీ, కింద నేల దాకా మూసి ఉంది. మోకాళ్ళు నొప్పులు పెడుతున్నాయి. నా బిడ్డ గడపలో నిలబడి అన్న మాట గుర్తొచ్చింది. ఏ మూలకో ఉండవా అని.

"ఈ హాలుల ఎవ్వరూ నడవని చోటు ఎక్కడున్నది?" అని అడిగాను.

అతను తల ఎత్తాడు. నేను కూర్చున్న బెంచీ వైపు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"దీని కింద గూడ బండలే ఉన్నయి పెద్దమ్మ. బెంచి తర్వాత పెట్టిన్రు."

"ఈ బెంచి కిందియి తీసి లిఫ్టుల ముందట ఎయ్యి. మావి ఇక్కడ ఎయ్యి."

"సిమెంటు మీదున్నయి. తీస్తే పగుల్తయి. అప్పుడు రెండు చోట్ల పోతది."

మేనేజరమ్మ బెంచీ దగ్గరికి వచ్చింది. "దీని కింద వైర్లు లాగినప్పుడు రాళ్ళు తీసి మళ్ళీ పెట్టారండీ. సిమెంటు వేయలేదు. అప్పుడు నేనే ఒప్పుకోలేదు, వైర్లు మళ్ళీ తీయాల్సి వస్తుందని." అని గడియారం చూసుకుంది. "బెంచీ జరపండి. కానీ చీకటి పడేలోపు ఇక్కడ ఒక్క రేణువు దుమ్ము కూడా ఉండకూడదు."

"అంటే ఒప్పుకున్నట్టేనా మేడమ్?"

"చూశాక చెప్తాను."

బెంచీ జరపడానికి ఆరుగురూ పట్టారు. కింద బండలు కొన్న నాడు ఉన్న రంగులో ఉన్నాయి, దుమ్ము తుడిస్తే లిఫ్టుల ముందున్నవాటితో తేడా చాలా కొద్దిగా ఉంది. పాలిష్ పడితే ఆ తేడా పోతుందని అతను అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తొమ్మిది సులువుగా లేచాయి. మిగిలిన వరస కిందికి పక్క బండల సిమెంటు జారి పట్టుకుంది. అక్కడ అతను తనే కూర్చున్నాడు. సన్నటి ఉలి, కర్ర సుత్తి. ఒక్కో పక్క చుట్టూ గీస్తూ, నీళ్ళు పోస్తూ, ఆగుతూ. వాళ్ళ నాయన కూడా మిషన్ ఆపేముందు ఇలాగే తల ఒక పక్కకు వంచి వినేవాడు. ఒకటి లేచింది. రెండోది చప్పుడు చేసింది.

"పోయిందా?" అంది మేనేజరమ్మ.

"లేదు మేడమ్. మూల మాత్రమే." మూల వేలి గోరంత ఊడింది. ఆ మూలను గోడ వైపుకు తిప్పి వేయవచ్చు.

లేచిన ప్రతి బండనూ గోడకు ఆనించమన్నాను. నా సంచిలోంచి ఇనుప ముక్క తీసి పెట్టి చూశాను. బిగువుగా కూర్చుంది. తర్వాతి దానికీ అంతే. పదకొండింటికి నలభై నాలుగు అంచులు, అన్నీ చూశాను. ఒక్కటీ ఆడలేదు.

లిఫ్టుల ముందు అవి పడి, పాలిష్ పట్టి, తుడిచేసరికి బయట వెలుతురు తగ్గింది. మా ఇంటి బండలు బెంచీ కిందికి పోయాయి. అక్కడ ఎవరూ నడవరు కాబట్టి మందం అడిగేవాళ్ళు ఉండరు. బెంచీ మళ్ళీ జరిపి పెట్టారు. మేనేజరమ్మ వంగి చూసింది, నిలబడి చూసింది, లిఫ్టు తలుపు దగ్గరికి పోయి అక్కడి నుంచి చూసింది.

"నాకు తెలుసు కాబట్టి కనబడుతోంది," అంది. "తెలియనివాళ్ళకు కనబడదు."

కట్టిన తాళ్ళు తనే విప్పింది. తిరుగు రైలులో అతనికి సీటు దొరికినా కూర్చోలేదు. శంకర్‌పల్లి దాటాక నేను నిద్రపోయాను. వికారాబాద్‌లో దిగుతూ లేపి, "ఇంటికి పోయినంక ఫోన్ చెయ్యి పెద్దమ్మ," అన్నాడు. చేయలేదు. ఓపిక లేదు.

సోమవారం పదకొండు దాటాక అతనే చేశాడు.

"వచ్చిన్రు, పోయిన్రు పెద్దమ్మ. సక్కగ లిఫ్టెక్కి పైకి పోయిన్రు. ఒక్కడు గూడ కిందికి చూడలే."

"మంచిదే కద."

"మంచిదే. కాంట్రాక్టు మనకే ఉంచిన్రు. కానీ పొద్దంత తిండి లేకుంట చేస్తిమి, జర చూస్తే ఏం పోయె?"

"చూస్తే ఫికర్ ఉంటుండె. మీ అబ్బాకు చెప్పు."

"చెప్పిన. పెద్దమ్మ గాడి పెట్టి చూసిందా అని అడిగిండు. చూసింది అన్న. నవ్విండు."

మరుసటి ఆదివారం అతను పదకొండు బండలు తెచ్చాడు. తాండూరులోనే కొన్నవి, కొత్త గనివి. నేను వద్దనలేదు కానీ, పరిచేముందు గాడి పెట్టి చూశాను. అన్నీ అంగుళం. మంచి బండ మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. పాత వాటికంటే మందం ఎక్కువ కాబట్టి పైకి లేచి కాలికి తగులుతాయి, కింద అంత మేర తవ్వమన్నాను. తవ్వి, సున్నం ఇసుక వేసి, మట్టం కుదిరేదాకా తీసి తీసి వేశాడు. డబ్బు మాట ఎత్తబోతే టిఫిన్ పెట్టి పంపాను.

ఇప్పుడు గది నడుమ పదకొండు బండలు పాలిపోయి కనబడతాయి. గడపలో అడుగు పెట్టిన ప్రతివాళ్ళ చూపూ అక్కడే పడుతుంది. నిన్న నా బిడ్డ నేల తుడుస్తూ ఆగింది.

"మంచం గీడికి జరుపుదమా అమ్మా? కనబడకుంట పోతది."

"జరపకు," అన్నాను. "కప్పితే రంగు తిరగదు. నడువాలె."

"ఎన్నేండ్లు నడువాలె?"

పదిహేను, అన్నాను. నా బిడ్డ బకెట్ ఎత్తుకుని, ఆ పదకొండింటి మీదుగానే వంటింట్లోకి పోయింది.